గంధికుని కులవిద్యయు నవీన రసాయనశాస్త్రమును



మనుచరిత్రము చదివిన వారికి ఒక సంగతి జ్ఞాపక ముండకపోదు. ప్రవరుడు హిమాలయమందు దారి తెలియక తిరుగుచుండగా, చేరువలో మనుష్యసంచారము కలదని అతనికి మొదట తెలిపినది కన్నును గాదు, చెవియును గాదు. గాలివెంట వచ్చిన కస్తూరీకర్పూరముల తావి. శ్రీనాథుడు తన హరవిలాసమును కృతి యిచ్చినది ఏ రాజునకును గాదు. అవచి తిప్పయ సెట్టి యను వర్తకునకు. కొండవీటి కుమారగిరి రెడ్డి యేటేట జరుపు వసంతోత్సవములకు కర్పూరము, కస్తూరి, సంకుమదము మొదలైన పరిమళద్రవ్యములను ద్వీపాంతరములనుండి తెప్పించి సమకూర్చినవాడు ఈ సెట్టియే. ఆ రాజునకు కర్పూర వసంతరాయడను బిరుదు ఊరక రాలేదు.

ఇంతవఱకు బాగుగనే యున్నది. పరిమళమును పూసికొన్న నాయికను కవి వర్ణించెను. పంచిపెట్టిన రాజును వర్ణించెను. తెచ్చి యమ్మిన సెట్టిని గూడ వర్ణించెను. కాని పొయ్యి ముందఱ కూర్చుండి, పొగకు కన్నులు మండుచుండగా, పూవునుండి ఆ తావిని వెలికి దీసిన గంధికుని మాత్రము మన సాహిత్యము అంతగా పట్టించుకొన్నట్లు కనబడదు. నేటి ఉపన్యాసమున ఆతని గుఱించి, ఆతని యింట ఇప్పుడు జరుగుచున్న యొక వివాదమును గుఱించి చెప్పవలసి యున్నది.

గంధయుక్తి మన దేశమున శాస్త్రముగా వెలసిన విద్య. ఆఱవ శతాబ్దినాటి వరాహమిహిరుడు బృహత్సంహితయందు దీనికొక అధ్యాయమునే కేటాయించెను. అందొక లెక్క కలదు. పదునాఱు ద్రవ్యము లుండగా, వానిలో నాలుగేసి చొప్పున ఏరి కలిపినచో ఎన్ని విధముల గంధములగును? 1820 అని అతని సమాధానము. లెక్కలయం దభిరుచి గలవారు ఇంటికి పోయి సరిచూచుకొనవచ్చును: పదునాఱును పదునైదును పదునాలుగును పదుమూడును హెచ్చవేసి, వచ్చిన 43,680ని ఇరువదినాల్గింట భాగింపవలెను. పదునైదువందల యేండ్ల క్రింద, అత్తరు కలుపు పనికి ఇట్టి గణితము కట్టిన జాతి మనది. కల్యాణి చాళుక్యుడైన సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసమునను రాజభోగములతో బాటు గంధభోగమును వివరింపబడినది.

ఈ విద్య నేటికిని పొయ్యి చల్లారక నిలిచియున్న ఊరు కనౌజ్. ఉత్తరప్రదేశమున గంగకు చేరువనున్న ఈ పట్టణమే పూర్వపు కన్యాకుబ్జము; ఏడవ శతాబ్దిలో హర్షుని రాజధాని. సామ్రాజ్యము పోయినది, కోటలు పోయినవి, అత్తరు బట్టీలు మాత్రము మిగిలినవి.

ఆ బట్టీ యెట్లుండునో చూడుడు. మట్టితోను ఇటుకలతోను కట్టిన పొయ్యిమీద పెద్ద రాగి కాగు నొకదానిని ఎక్కింతురు. దీనికి వారు ‘దేగ్’ అందురు. ఇందు దాదాపు నూఱు కిలోల పూలను బోసి, తగినన్ని నీరు వోసి, మూత పెట్టి, మూత అంచున ప్రత్తి కలిపిన బంకమట్టితో మెత్తుదురు. మూతనుండి యొక వెదురుగొట్టము బయలుదేఱును; వేడి బయటికి పోకుండ దానికి పురికొస చుట్టియుందురు. ఆ గొట్టము రెండవకొన ఒక నీటితొట్టిలో మునిగియున్న పొడుగుమెడ రాగిచెంబులోనికి దిగును. ఈ చెంబు పేరు ‘భప్కా’. కాగులో నీరు మరిగి, పూల తావిని మోసికొని ఆవిరియై వచ్చి, తొట్టినీటి చల్లదనమునకు చెంబులో నీరుగా మాఱును. దొంగసారా కాచువారి పరికరములకును వీనికిని చుట్టఱిక మున్నదని ఈపాటికి సభలో కొందఱు గ్రహించియే యుందురు. చుట్టఱికము నిజమే, పుట్టిన బిడ్డలు వేఱు.

ఈ పనిలోని కీలకము చెంబులో ముందుగా పోసియుంచిన వస్తువు. అది మంచిగంధపు నూనె. చందనతైలము త్వరగా ఆవిరి కాదు. దానికి స్వతహాగా మృదువైన వాసన యున్నను, వచ్చిన పూవాసనను త్రోసివేయక, తనలో నిలుపుకొని, నెమ్మదిగా వెలికి విడుచును. కావున అత్తరనగా వట్టి పూవు నూనె గాదు; చందనము ఒడిలో కూర్చున్న పూవు. రాత్రి చల్లారిన పిదప నూనె పైకి తేలును. అడుగునబడిన నీటిని వేఱుపఱచి మరునాడు మరల కాగులో పోయుదురు. అంతట క్రొత్త పూలు, క్రొత్త మంట, అదే నూనె. ఇట్లు పది పదునైదు దినములు జరిగిన గాని కొన్ని అత్తరులకు తగిన బలము రాదు. ఆ తరువాత దానిని తోలు సిద్దెలలో నింపి యుంచినచో, మిగిలిన తేమ తోలుగుండ బయటికి పోయి, నూనె మాత్రము లోపల నిలుచును. అమ్మకము తులముల లెక్కను. కంసాలి యింట బంగారమునకు వలెనే.

బట్టీయొద్ద ఉష్ణమాపకము గాని, గడియారము గాని ఉండవు. కాగు లోపలి ధ్వనిని విని మరుగు ఎంత పాకమున నున్నదో పనివాడు చెప్పును. తొట్టినీటిలో చేయి పెట్టి, చెంబులోనికి ఎంత ఆవిరి వచ్చినదో తెలిసికొనును. చెంబు మార్చవలసిన క్షణము రాగానే కాగుపై తడిగుడ్డ వేసి మరుగును ఆపును. మంట ఒక్కపాటి హెచ్చెనా, పూలు మాడి నూఱు కిలోల తావియు మాడువాసనయై పోవును. ఈ నేర్పు పుస్తకములలో లేదు. బాలుడు తండ్రిప్రక్కన ఏండ్లకొలది కూర్చుండి, చేయి కాల్చుకొని నేర్చుకొనవలసినదే.

ఆ యూరివారు చేయు వస్తువులలో మిక్కిలి విచిత్రమైనది మట్టి అత్తరు. ఎండకాలమున ఎండిన చెఱువుల మట్టిని దెచ్చి, బిళ్లలుగా చేసి, కాల్చి, పూలకు బదులు ఆ బిళ్లలనే కాగులో వేసి బట్టీ పట్టుదురు. చందనతైలములోనికి దిగునది తొలకరి చినుకు పడినప్పటి నేలవాసన! మన రైతు ఏరువాకనాడు ఉచితముగా పొందు సంతోషమును వీరు సీసాలో బంధింతురు. 1964వ సంవత్సరమున ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులైన ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అను వారు ఈ వాసనను పరిశోధించి, ఎండిన ఱాళ్లును మట్టియును పీల్చియుంచుకొన్న యొకవిధమైన నూనెయే దీనికి కారణమని తేల్చి, ‘పెట్రికార్’ అను పేరు పెట్టిరి. గ్రీకుభాషలో పెట్రా యనగా ఱాయి. ఐకార్ అనగా దేవతల నాళములలో ప్రవహించు ద్రవము. మన దేశమున మట్టి అత్తరు చేయువారు ఈ వాసనను ముందే పట్టుకొనిరని వారు తమ వ్యాసములోనే పేర్కొనుట వారి న్యాయబుద్ధికి నిదర్శనము. ప్రయోగశాల నామకరణము చేసినది. బిడ్డ అంతకుముందే బట్టీలో పుట్టియుండెను.

గులాబి నూనె విషయమున ఒక రాజాంతఃపుర వృత్తాంతము కలదు. నూర్జహాను తల్లి అస్మత్ బేగము పన్నీరు తీయించుచు, వేడి పన్నీరు పోసిన పాత్రలపై తేలిన తెట్టువంటి నూనెను గమనించి కూడబెట్టించెనని జహంగీరు చక్రవర్తి తన స్వీయచరిత్రలో వ్రాసికొన్నాడు. గమనింపదగినది ఆ నూనె అల్పత్వము. ఒక కిలో గులాబి నూనె కావలెనన్నచో మూడు నాలుగు వేల కిలోల పూలు కావలయును. ఈ ఒక్క లెక్క చాలు, ఈ వృత్తికి వచ్చిన కష్టమంతయు అర్థమగుటకు.

ఇక కష్టము సంగతి. కనౌజ్ గంధికుని కులవిద్య చందనముపై నిలిచియున్నది, చందనమే కఱవైనది. మంచిగంధపు చెట్టు ఇతర వృక్షముల వేళ్లనుండి కొంత ఆహారము గ్రహించి బ్రతుకు చెట్టు. దాని చేవలో తగినంత నూనె చేరుటకు ఏండ్లు పూండ్లు పట్టును. మైసూరులో టిప్పుసుల్తాను కాలమునుండి అది ప్రభుత్వపు సొత్తు. రైతు పొలములో మొలచినను రైతుది గాదు. తనది గాని చెట్టును పెంచువాడెవడు? మొలకనే పెఱికి పాఱవైచెడివారు. అడవిలోనివి దొంగలపాలయ్యెను, 2004లో పోలీసుల చేతిలో మరణించిన వీరప్పన్ పేరు ఎఱుగని వారు లేరు గదా. 2001, 2002 సంవత్సరములలో కర్ణాటకమును తమిళనాడును చట్టములు సవరించి, చెట్టు భూస్వామిదే యని యొప్పుకొన్నవి. అప్పటికే ఆలస్య మయ్యెను. నూనె వెల అందరాని యెత్తునకు పోయెను.

అప్పుడు అనేకులు చెంబులో చందనతైలమునకు మాఱుగా ద్రవ పారఫిను పోయసాగిరి. ఇది భూమినుండి తీసిన ముడినూనె కలిగించు వస్తువు. రంగు లేదు, వాసన లేదు, వెల స్వల్పము. పూల తావిని కొంత పట్టుకొనును గాని, చందనమువలె దానితో పొత్తు కుదుర్చుకొనదు. పైకి చూచిన అదే కాగు, అదే చెంబు, అదే మంట. లోపల ఒడి మాఱినది.

ఇచ్చట రసాయనశాస్త్రమును దూషించుట సులభము. కాని ఆ దూషణ న్యాయము కాదు. 1868లో ఇంగ్లండు దేశపు విలియం పెర్కిన్ కూమరిన్ అను పరిమళద్రవ్యమును ప్రయోగశాలలో తయారుచేసెను. 1874లో జర్మను పండితులైన టీమనును హార్మనును వెనిల్లా కాయలోని వాసనకు మూలమైన వెనిలిన్‌ను కృత్రిమముగా సాధించిరి. వంశపారంపర్యముగా వచ్చిన సుగంధశిల్పము ఈ క్రొత్త వస్తువులతో ఎట్లు కాపురము చేసెనో తెలియుటకు పారిసు నగరపు గెర్లేన్ కుటుంబమును చూడవలెను. 1828లో ఈ యంగడిని స్థాపించినవాడు పియెర్ ఫ్రాన్స్వా పాస్కల్ గెర్లేన్. ఆయన కుమారుడు ఏమే, 1889లో ‘జిక్కీ’ యను పరిమళమును కూర్చెను. అందు లావెండరు పూల నూనె, పూర్వాచారమైన జవ్వాది యొకప్రక్క. కూమరిన్, వెనిలిన్ మఱియొకప్రక్క. మన తిరుమలలో శుక్రవారాభిషేకానంతరము స్వామికి అలదు పునుగుతైలమును పారిసు జవ్వాదియును ఒక్క జాతి జంతువుల కానుకలే. ఏమే తమ్ముని కొడుకు జాక్, 1925లో షాజహాను తోటల పేర ‘షాలిమార్’ చేసెను; దాని ప్రాణము ప్రయోగశాలలో పుట్టిన ఎథిల్ వెనిలిన్. జాక్ మనుమడు జాన్ పాల్ 1959లో చేసిన పరిమళము పేరు ‘వెటివేర్’. ఇది ఏ భాష? మన వేసవి తడికల వట్టివేరే, తమిళుల వెట్టివేర్ రూపమున ఓడలెక్కి ఫ్రెంచి పదమైనది.

ఈ యింటివారు చేసిన దేమనగా: పూవు ఇయ్యజాలని దానిని యంత్రశాలనుండి తీసికొనిరి; పూవు ఇయ్యగల దానిని పూవునుండియే తీసికొనిరి. సంప్రదాయమును యంత్రమునకు అమ్మలేదు, తాళమువేసి దాచనులేదు. అట్లని వారి కథ సుఖాంతమని అనరాదు. 1994లో ఆ యంగడి యొక మహా వ్యాపారసంస్థ చేతిలోనికి పోయెను. 2002లో జాన్ పాల్ విరమించెను. 2008లో వచ్చిన ప్రధాన గంధికుడు ఆ వంశమువాడు కాడు.

మరల కనౌజునకు వత్తము. అచ్చట 1991లో భారత ప్రభుత్వము ఐక్యరాజ్యసమితి సంస్థల సహాయముతో సుగంధ పరిశోధనకు ఒక కేంద్రమును నెలకొల్పినది. ఇప్పుడు గంధికుల యిండ్లలో పిల్లలు రసాయనశాస్త్రము చదువుచున్నారు. చదివి వచ్చిన కుమారునకును, బట్టీయొద్ద తల నెరసిన తండ్రికిని నడుమ పుట్టు వివాదము ఏ యొక్క కుటుంబమునదో కాదు; ఆ వృత్తి యంతటిది.

కుమారుని చేతిలో గ్యాస్ క్రొమాటోగ్రాఫు అను యంత్రపు పత్రిక యున్నది. 1952లో జేమ్స్, మార్టిన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పద్ధతి యిది. ఒక బొట్టు నూనెను ఆవిరిగా మార్చి, సన్నని గొట్టముగుండ వాయువు వెంట పంపినచో, అందలి ద్రవ్యములు ఒకదాని వెనుక నొకటిగా విడివడి, కాగితముపై శిఖరములవలె గీతలు పడును. ఏది యెంతపాలో తెలియును. మేలైన చందనతైలమున శాంటలాల్ అను పదార్థములు నూటికి తొంబది పాళ్లవఱకు ఉండవలెను. వర్తకుడు తెచ్చిన డబ్బాలో కల్తీ యున్నచో గీతయే పట్టియిచ్చును. ముక్కును మోసగింపగల వర్తకులున్నారు. ఈ గీతను మోసగించుట అంత సులభము గాదు. ఇది కులవిద్యకు శత్రువా? కాదు, కావలివాడు.

తండ్రి భయము వేఱు. ఆ యిండ్లలో ‘శమామా’ యను సంయోగపు అత్తరు చేయుదురు. రాతిపువ్వు, జటామాంసి, లవంగము, ఏలకులు, జాపత్రి మొదలుగా ఎన్నియో దినుసులు. ఏది యెంత, ఏది ముందు, ఏది వెనుక యన్నది ఒక్కొక్క యింటి రహస్యము. తన నూనెను విప్పి చూపు యంత్రము పొరుగువాని నూనెను విప్పినట్లే, పొరుగువాని చేత తన నూనెనును విప్పించును గదా! తాతలనాటి రహస్యము ఒక గంటలో కాగితమెక్కిపోవునేమో యని ఆ వృద్ధుని దిగులు. దీనిని మూఢత్వమని నవ్వరాదు. ఇంటి భాగ్యమంతయు అదియే యైనవానికి అట్టి దిగులు సహజము.

అయినను ఆ దిగులు సగమే నిజము. యంత్రము ద్రవ్యములను లెక్కించును గాని, దినుసులు ఎన్ని దినములు ఏ క్రమమున ఉడికినవో చెప్పదు. మఱియు కొలతకును వాసనకును పొంతన లేని తావులు కలవు. గులాబి నూనెలో మూడువందలకు పైగా ద్రవ్యములున్నవి. 1970 ప్రాంతమున కనుగొనబడిన డమాసెనోన్ అనునది అందు నూటికొక పాలైనను లేదు. కాని గులాబి గులాబిగా తోచుటకు అది ముఖ్యకారణములలో నొకటి. కాగితముపై అది గుట్టయైనను గాదు. ముక్కునకు మాత్రము పర్వతము. పెద్ద శిఖరములను మాత్రమే చూచి నకలు చేసినవాడు సబ్బువాసన చేయును, గులాబి చేయజాలడు. రాగి కాగు తీసి ఉక్కు కాగు పెట్టుటలోను ఇట్టి సంగతియే యున్నది. రాగిలో దిగిన వట్టివేరు తైలమునకు లేబచ్చని ఛాయ వచ్చును; ఉక్కులో అది రాదు. వంట చేసిన ఇల్లాలికి పాత్ర సంగతి వేఱుగా చెప్పవలెనా?

అసలు ప్రమాదము యంత్రమువలన గాదు, కొనువారివలన వచ్చినది. నేడు కనౌజ్ సరకులో హెచ్చుభాగము మైపూతకు పోదు. పాన్ మసాలాలకును పొగాకునకును పోవును. దేహమునకు పూసికొనవలసిన దానిని నోట పోసికొని ఉమియుచున్నారు. 2012, 2013 సంవత్సరములలో అనేక రాష్ట్రములు గుట్కాను నిషేధించినప్పుడు, ప్రజారోగ్యమునకు మేలు జరిగిన మాట నిజమే. ఆ దెబ్బ బట్టీలకు తగిలిన మాటయు నిజమే. ఒక్క కొనుగోలుదారుని నమ్ముకొన్న వృత్తి కాలువ చివరి పొలము వంటిది.

కావున ఇప్పుడు కొందఱు యువగంధికులు త్రొక్కుచున్న త్రోవ యుక్తముగా కనబడుచున్నది. సబ్బులకును అగరువత్తులకును కృత్రిమ పరిమళములను కలిపి, కలిపితిమని చెప్పి, ఆ వెలకే అమ్ముట. శుద్ధమైన చందనముపై దించిన అత్తరును కొంచెముగా, పరీక్షాపత్రముతో, దాని వెలకు అమ్ముట. పారఫినుపై దించినది పారఫినుదే యని వ్రాయుట. కృత్రిమము చేయుట దొంగతనము గాదు. కృత్రిమమునకు చందనపు పేరు పెట్టుట దొంగతనము. పొలము మెట్టదైనను నేరము లేదు, అడంగలులో మాగాణి యని వ్రాసినప్పుడే నేరము.

ఈ కథలో మన వారికి సంబంధించిన భాగ మొకటి మిగిలినది. 1936 వఱకు మద్రాసు రాజధానిలోనే యుండి, ఇప్పుడు ఒడిస్సాలో నున్న గంజాం జిల్లాయందు, బరంపురమునకు తూర్పున సముద్రపు టొడ్డు పల్లెలలో, మొగలిపొదలు దట్టముగా పెరుగును. తెలుగు మాటాడువారికి ఆ సీమ పరాయిది గాదు. అచ్చటి మగపూవు తావిలో ముఖ్యద్రవ్యము ఫినైల్ ఎథిల్ మిథైల్ ఈథర్. ఈ పేరుగల పదార్థమును కర్మాగారమున చౌకగా చేయవచ్చును, చేయుచునే యున్నారు. అయినను మొగలి ఱేకు గంటలలో వాడును గనుక, కనౌజువారు తమ కాగులను చెంబులను మోసికొని వచ్చి, ఆ పల్లెలలోనే బట్టీలు పెట్టిరి. స్థానికులును ఆ పని నేర్చిరి. వానకాలమున తెల్లవాఱకమునుపే ముండ్లపొదలలో దూఱి, కొడవలి కట్టిన గెడతో పూలను దించి, లెక్కపెట్టి, పొద్దెక్కకముందే కాగు దరికి చేర్తురు. పూలను ఎంచి తీసికొని, వాడిన దానిని ప్రక్కకు త్రోసి, మిగిలినవానిని తరిగి కాగులో వేసి, మట్టితో మూత మెత్తి, క్రింద పుల్ల ముట్టింతురు.